రెండో గిలక

ఆయన పోయాడని కబురు తెలిసి ప్రొద్దుటూరులో బస్సు దిగాను. ఆ ఇంటికి నేను వెళ్ళి చాలా కాలమైంది, సందులు మారిపోయాయి. దారి అడిగితే టీ అంగడి మనిషి నన్ను పైకీ కిందికీ చూశాడు.

"హెల్తు సారు ఇల్లా? ఆ మలుపు తిరుగు. పాపం, తెల్లారుజామున పాయె. మంచోడేలే. కాకుంటే కులం పట్టింపు శానా ఎక్కువప్పా. నీళ్ళిస్తే ఎవరు తోడినారని అడగందే గొంతు తడుపుకునేటోడు కాదు."

బల్ల మీద కూర్చున్న ఇంకొకాయన గ్లాసు దించకుండానే అందుకున్నాడు. "ఈపాటికి పైన గూడా అడుగుతాంటాడు, ఈ అమృతం ఎవరు తోడినారని."

నలుగురూ నవ్వారు. అది చెడ్డ నవ్వు కాదు. బాగా తెలిసిన మనిషి అలవాటును తలుచుకుని నవ్వుకున్నారు. అది నిజం కాదని చెప్పాలంటే లింగాల దారిలోని ఒక ఊరి సంగతి మొదటినుంచి చెప్పాలి. శవం ఇంట్లో ఉంది. నేను మలుపు తిరిగి వెళ్ళిపోయాను. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

రాజధాని కర్నూలులో ఉన్న రోజులవి. పులివెందుల నుంచి లింగాలకు పోయే దారిలో ఒక చిన్న ఊళ్ళో నేను బడిపంతులుని. పంతులును అక్కడ అయివారు అంటారు. ఆయన హెల్తు ఇన్‌స్పెక్టరు, పులివెందుల దాకా బస్సులో వచ్చి, అక్కడ అద్దెకు సైకిలు తీసుకుని మా ఊరికి వచ్చేవాడు. సన్నటి మనిషి. ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన పలచటి బట్ట ఒకటి ఎప్పుడూ ఉండేది. అది ప్రొద్దుటూరులో ఆయన అన్న మగ్గం మీద నేసిన బట్ట.

ఏ ఇంటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడిగేవాడు. ఇవ్వగానే "ఏ బావివి?" అనేవాడు. జేబులోని బట్ట తీసి ఖాళీ గ్లాసు మీద పరిచి, బొటనవేలితో మధ్యలో చిన్న గుంట చేసి, ఆ నీళ్ళు దాని గుండా పోసేవాడు. తరవాత బట్టను వెలుతురుకు ఎత్తి చూసేవాడు. అప్పుడు తాగేవాడు. ఇచ్చినవాళ్ళకు ఎంత అవమానంగా ఉంటుందో ఆయనకు తట్టేది కాదు. ఒకసారి ఊరి మునసబు భార్య గడప దాటి వచ్చి, "మా నీళ్ళకు గోషా ఏందప్పా?" అని అడిగింది. ఆయన ముక్కుతో నవ్వాడు. ఆయన నవ్వు అంతే.

"ఈ గుడ్డ దాటి పురుగు రాదమ్మా. ఒక పాత చీర కొంగు కడవ మూతికి కట్టుకో. ఈ పని నీకు తప్పుతాది, నాకు తప్పుతాది."

మా ఊళ్ళో ఎండాకాలం వస్తే బడిలో సగంమంది పిల్లలు ఉండేవారు కాదు. నారికురుపు. కాలి మీద పొక్కు లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మండుతుంది, పొక్కు పగిలి తెల్లటి దారం లాంటి పురుగు తల బయట పెడుతుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్త లాగాలి. తొందరపడితే తెగిపోతుంది, తెగితే కాలంతా వాస్తుంది. కోతలకు పోవాల్సిన మగవాళ్ళు అరుగుల మీద కాళ్ళు చాపుకుని పుల్లలు చూసుకుంటూ కూర్చునేవారు. ఊళ్ళో అది వేడి వల్ల వస్తుందనేవారు, నరం కుళ్ళిందనేవారు. ఆయన మాత్రం బావి వల్ల వస్తుందన్నాడు.

ఆ చుట్టుపట్ల తియ్యటి నీళ్ళున్నది ఒకటే బావి. ఊరికీ మాలపల్లెకూ నడుమ చేలల్లో ఉన్న దిగుడుబావి. దానికి తూర్పున ఒక వరస మెట్లు, పడమట ఒక వరస మెట్లు. తూర్పు మెట్లు ఊరివాళ్ళవి, పడమటి మెట్లు పల్లెవాళ్ళవి. ఎవరి మెట్లు వాళ్ళు దిగి, మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి కడవలు ముంచుకునేవారు. ఎవరు పెట్టిన కట్టుబాటో ఎవరికీ తెలియదు. దాని మీద తగాదా జరిగినట్టు కూడా ఎవరికీ గుర్తు లేదు. కాళ్ళు వేరు వేరు మెట్ల మీద, నీళ్ళు మాత్రం ఒకటే.

ఒకరోజు ఆయనతో నేనూ బావి దగ్గరికి వెళ్ళాను. తూర్పు మెట్ల మీద మునసబు కూర్చుని, పురుగు వేలాడుతున్న కాలు నీళ్ళల్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"కాలు తియ్యి మునసబూ" అన్నాడు ఆయన.

"మంట సారూ. ఈడ పెడితేనే పానం సల్లగుంటాది."

"సల్లగనే ఉంటాది. నీ కాల్లో పురుగు ఆ సల్లదనానికే కాసుకోనుంటాది. ఇప్పుడు పిల్లల్ని ఇడిసిపెడతాండాది. వచ్చే ఏడు ఆ పిల్లలు ఈ ఊరందరి కాళ్ళల్లో ఉంటాయి. పల్లెవాళ్ళ కాళ్ళల్లో గూడా."

ఆయన ఒక గాజుసీసాలో బావి నీళ్ళు పట్టి ఎండకు ఎత్తి చూపించాడు. కన్నుపెట్టి చూస్తే తెల్లటి నలుసులు గంతులేస్తున్నాయి. మునసబు చాలాసేపు చూశాడు.

"ఇంత సన్నటివి బారెడు పురుగు అయితాయా?"

"పురుగుపిల్ల ఈ నలుసు కడుపులోకి పోతాది. నలుసును నువ్వు తాగుతావు. ఆడినుంచి ఏడాది పడతాది."

"ఏడాది కాసుకోనుంటాదా? మా ఎద్దులకే అంత ఓపిక లేదు" అన్నాడు మునసబు. కానీ కాలు తీశాడు. ఆ తరవాత బావి మార్చడానికి ఊరిని ఒప్పించింది కూడా మునసబే.

మార్చడమంటే, మెట్లకు అడ్డంగా రాతిగోడ కట్టి, పైన చుట్టూ ఒర కట్టి, కూసాలు, అంటే రాతి స్తంభాలు, నాటి గిలక వేయడం. ఎవరి కాలూ నీళ్ళను తాకదు కాబట్టి పురుగు పుట్టదు. చిలమకూరు వైపునుంచి బండల బండ్లు వచ్చాయి. ఆయన నేల మీద పుల్లతో గీసి చూపించినప్పుడు రెండు గిలకలు గీశాడు, తూర్పున ఒకటి, పడమట ఒకటి. బండలు దిగే దాకా ఎవరూ ఏమీ అనలేదు. దిగాక ఒక సాయంత్రం మా బడి పంచలో ఊరి పెద్దలు కూర్చున్నారు. పల్లెనుంచి ఓబులమ్మ అనే పెద్దావిడ వచ్చి, పంచ కింద దూరంగా నేల మీద కూర్చుంది. పల్లెవాళ్ళ తరఫున మాట్లాడటానికి ఎప్పుడూ ఆమే వచ్చేది.

"ఒక గిలక సాలు సారూ ఇప్పటికి" అన్నాడు మునసబు. "పల్లోళ్ళ సంగతి తర్వాత సూద్దాం."

"రెండు వరసల మెట్లుండాయి కదా. రెండు గిలకలుండల్ల."

"మెట్లు వేరు. బొక్కెన పైకొచ్చేటప్పుడు వాళ్ళ బొక్కెన నీళ్ళు కారి మల్లా బావిలోనే పడతాయి."

"ఇన్నాళ్ళూ మోకాళ్ళ దాకా దిగినారు. అప్పుడు లేని మైల బొక్కెనకు వచ్చిందా?"

"అది పాత బావి సారూ. తాతల నాడు ఎట్ల మొదలయిందో ఎవరికెరుక. ఇది కొత్తది. కొత్తగా మొదలుపెట్టేది సూసుకోని పెట్టల్ల."

ఎవరూ గొంతు పెంచలేదు. రెండు గిలకలైతే బావి జోలికి రావద్దన్నారు, ఒకటైతే రేపే పని మొదలుపెడదామన్నారు. ఎండలు ముదురుతున్నాయి, అప్పటికే పొక్కులు లేస్తున్నాయి. ఇంకో నెల ఆగితే వచ్చే ఏడాది పురుగు కూడా నీళ్ళల్లోకి చేరిపోతుంది. ఆయన చొక్కా జేబులోంచి బట్ట తీసి, విప్పి, మళ్ళీ మడిచి పెట్టుకున్నాడు. పంచ దిగి ఓబులమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ముందు పురుగు పోనీ ఓబులమ్మా. తక్కినవి తర్వాత. రెండోది నేనే తెచ్చి పెడతా."

"పెడతావులే సారూ. నువ్వు అబద్దం చెప్పే మనిషివి కాదు" అంది ఆమె.

ఆ సాయంత్రం నాకూ అది సరైన తీర్పుగానే తోచింది. నేను ఆ బావి నీళ్ళే తాగుతున్నాను, నా కాళ్ళ మీద నాకు భయం ఉంది.

ఆయన మాట తప్పలేదు. పని పూర్తయిన కొద్దిరోజులకు ప్రొద్దుటూరు ఇనుప అంగట్లో ఒక గిలక కొని సైకిలుకు కట్టుకుని తెచ్చాడు. మునసబు దాన్ని చేతిలో తిప్పి చూసి, బాగుందన్నాడు. కూసాలు రాగానే నాటిద్దామని తన కొట్టంలో గోడకున్న గూటానికి తగిలించాడు. మునసబు దగ్గర ఏ మాటకూ కాదనడం ఉండేది కాదు. తరవాత ఆయనను వేముల వైపు ఊళ్ళకు వేశారు. మా ఊరికి రావడం తగ్గింది.

మరుసటి ఎండాకాలం మా ఊళ్ళో ఒక్క పొక్కు లేవలేదు. బడి నిండింది. అరుగులు ఖాళీ అయ్యాయి. ఆయన వచ్చిన రోజు మునసబు రెండు కాళ్ళూ చాపి చూపించి, ఆయనను తన ఇంట్లో భోజనానికి కూర్చోబెట్టాడు. వడ్డిస్తుండగా అన్నాడు:

"నారి ఇప్పుడు మాలపల్లెలోనే సారూ. శుభ్రం లేని జనం. మాకు పోయిందంటే వాళ్ళకెందుకు పోలేదు, చెప్పు? నారి కాళ్ళోళ్ళు మా చేలల్లోకి దిగొద్దని చెప్పినాం. ఏం, మంచి పనే కదా?"

అంతకు ముందు ఏడాది మునసబు కాలికీ ఓబులమ్మ మనవడి కాలికీ ఒకే పురుగు వేలాడింది. అప్పుడు దానికి కులం లేదు.

భోజనం ముగించి, నన్ను పిలుచుకుని పల్లెకు వెళ్ళాడు. ఓబులమ్మ గుడిసె ముందర బండ మీద కాలు పెట్టుకుని కూర్చుని ఉంది. మడమ పైన గుడ్డపేలికతో కట్టిన పుల్ల. ఆమె లేవబోతే ఆయన వద్దన్నాడు. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఆయన అలవాటు కొద్దీ, "కొంచెం మంచినీళ్ళియ్యమ్మా" అన్నాడు.

"ఉండు సారూ. నా కోడలు బావికాడికి పోయింది. పొద్దున్నే పోయింది. ఎవరన్నా తోడి పోస్తే తెస్తాది."

"ఎవరూ పొయ్యకుంటే?"

"పొయ్యకుంటే వంక అవతల పాడుబడిన దిగుడుబావి ఉండాది కదా. దిగి ముంచుకుంటాం. దిగేకి కాళ్ళుండాయి, తోడేకి తాడు లేదు." ఆమె తన కాలి వైపు చూసుకుని నవ్వింది. "కూసో సారూ. మేము దినామూ కూసుంటాం, నువ్వు ఒక పొద్దు కూసో."

కూర్చున్నాం. ఎండ గుడిసె నీడను తినేసింది. మేము పక్కకు జరిగాం. పుల్లలు కట్టిన కాళ్ళతో ఇద్దరు ముగ్గురు వచ్చి మమ్మల్ని చూసి వెళ్ళారు. పనులకు పిలవడం లేదని ఒకాయన చెప్పాడు. ఫిర్యాదు లాగా కాదు, వాన పడలేదని చెప్పినట్టు చెప్పాడు. చివరికి కోడలు కడవతో వచ్చింది. కడవ సగమే నిండి ఉంది.

అప్పుడే ఆయన నోటినుంచి ఆ మాట మొదటిసారి విన్నాను.

"ఎవరు తోడినారు?"

"మునసబు ఇంటి జీతగాడు సారూ" అంది కోడలు. "ఎద్దులకు తోడినంక మిగిలినేవి పోసినాడు."

ఆమె ముంతలో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన చేయి జేబు దగ్గరికి వెళ్ళి ఆగింది. వడకట్టడానికి ఏముంది? ఓబులమ్మ అది చూసింది.

"గుడ్డ ఎందుకులే సారూ. మంచి నీళ్ళే. నీ బావివే కదా."

తాగితే వాళ్ళు పొద్దంతా కూర్చుని తెచ్చుకున్న నీళ్ళు తాగినట్టు. తాగకపోతే ఇంకేదో అయినట్టు. ఆయన ఒక గుక్క తాగి ముంత నాకిచ్చాడు. నేనూ ఒక గుక్క తాగాను. అంతకంటే చల్లటి, తియ్యటి నీళ్ళు నేను ఆ జిల్లాలో తాగలేదు. ఆ రుచి ఇప్పటికీ గుర్తుండటం నాకు ఇష్టం లేదు.

అక్కడినుంచి నేరుగా మునసబు కొట్టానికి వెళ్ళాడు. కూసాలు ఈ రోజే నాటుదాం, నేనే గుంట తవ్వుతానన్నాడు.

"రోగం పోయినంక గిలకెందుకు సారూ?"

"పల్లెలో పోలేదు."

"అది వాళ్ళ రోగం కదా" అన్నాడు మునసబు. నిజంగా అర్థం కానివాడిలాగే అన్నాడు.

ఆయన గూటానికున్న గిలక తీసుకుని సైకిలు వెనక కట్టుకున్నాడు. పైఅధికారితో మాట్లాడితే, రోగం తగ్గిందా లేదా అని అడిగాడట ఆ అధికారి. తగ్గిందన్నాడట ఈయన. మరి ఇంకేం కావాలి అన్నాడట ఆ అధికారి. తరవాత జమ్మలమడుగు వైపు మార్చారు.

జమ్మలమడుగు సంగతి నేను చూడలేదు. చాలా ఏళ్ళకు నాకు ప్రొద్దుటూరు బదిలీ అయినప్పుడు, వాళ్ళ ఇంటి అరుగు మీద ఆయనే చెప్పాడు. పెన్న పక్కన ఒక ఊళ్ళో అలాంటి దిగుడుబావే. ఈసారి ఆయన మెత్తబడలేదు. రెండు గిలకలు వేస్తేనే బావి మెట్లు మూస్తానన్నాడు. ఊరివాళ్ళూ మెత్తబడలేదు. ఎండాకాలమంతా మెట్లు తెరిచే ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి ఊళ్ళోనూ పల్లెలోనూ ఇంటింటా పుల్లలు. ఒక తండ్రి కొడుకును భుజాన వేసుకుని వచ్చి ఆయన ముందర దించాడు. పురుగు మోకాటి కీలులో తెగింది, కాలు బిగుసుకుపోయింది.

"నీ న్యాయం మా వాని మోకాట్లో దిగింది సారూ" అన్నాడట ఆ తండ్రి.

"వాడు పల్లెవాడా, ఊరివాడా?" అని నేను అడిగాను.

ఆయన నన్ను చూసిన చూపుకు తల దించుకున్నాను.

"కాలు వంగలేదు అయివారూ" అన్నాడు. "అది చాలదా?"

ఆయన్ను ఓదార్చాలని, మీరైనా ఏం చేయగలరు, ఉన్న జనం అలాంటివాళ్ళు అన్నాను. ఆయనకు కోపం రావడం చూసింది ఆ ఒక్కసారే.

"ఆ మాట అనొద్దు. ఏం చేయగలడు అనేది ఏమీ చేయనోని గురించి అనల్ల. నేను చేసినా కదా. మీ ఊళ్ళో ఒకటి పెట్టి చేసినా, జమ్మలమడుగుకాడ రెండూ పెట్టకుండా చేసినా."

ప్రొద్దుటూరులో ఆయన "ఏ బావివి?" అని అడగడం మానేశాడు. ఎవరు నీళ్ళిచ్చినా "ఎవరు తోడినారు?" అనేవాడు. పెళ్ళిపందిట్లో అడిగేవాడు, కచేరీలో అడిగేవాడు. వాళ్ళు ఆ ప్రశ్నను వాళ్ళకు తెలిసిన ప్రశ్నగానే విని, "మనోళ్ళే సార్, అనుమానం పెట్టుకోవద్దు" అని ధైర్యం చెప్పేవారు. ఆయన తల ఊపి తాగేవాడు. అసలు సంగతి చెప్పొచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"చెబితే ఏమంటారు? మంచోడంటారు. అది నాకొద్దు" అన్నాడు.

వాళ్ళ పెరటి బావికి ఒక పక్క పాత గిలక ఉండేది. రెండో పక్క, సందులోకి తెరుచుకునే తలుపు దగ్గర, ఆయన రెండు రాతికూసాలు నాటించి ఇంకో గిలక వేయించాడు. మునసబు కొట్టంలో వేలాడిన గిలకే అది. దానికి చేంతాడు కూడా కట్టాడు. వీధి ఊడ్చే ఆమెను పిలిచి, నీళ్ళు కావాల్సినప్పుడు తోడుకో అన్నాడు. ఆమె గడప అవతలే నిలబడి నవ్వింది. "నువ్వు ఎదురుగుంటే తోడుకుంటా సామీ. నువ్వు లేనప్పుడు నా ఈపు ఎవరు కాస్తారు?" ఆమె భయపడినట్టే అయింది. ఆయన పని మీద ఊరెళ్ళి వచ్చేసరికి తాడు లేదు. ఎవరు తీశారో తెలియలేదు. ఆయన మళ్ళీ కట్టాడు. మళ్ళీ పోయింది. ఆ తరవాత ఆ గిలక ఉత్తదే ఉండిపోయింది. పొరుగువాళ్ళు దాన్ని సారు పిచ్చి అనేవారు.

ఆయన పోయిన రోజు టీ అంగడి మలుపు తిరిగి నేను వెళ్ళేసరికి ఆయనను పెరటి పంచలో పడుకోబెట్టి ఉన్నారు. స్నానానికి నీళ్ళు కావాలి, వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి కావాలి. ఒక గిలక చాలలేదు. ఎవరో కొత్త చేంతాడు తెచ్చి రెండోదానికి తగిలించారు. తుప్పు పట్టి మొదట అరిచింది, తరవాత తిరిగింది. నేను వెళ్ళి ఆ తాడు పట్టుకున్నాను. చేతులకు పని ఉంటే మనిషి ఏడవక్కర్లేదు.

వీధి ఊడ్చే ఆమె సందు తలుపు దగ్గరికి వచ్చింది. జుట్టు తెల్లబడింది. గడప అవతలినుంచే పంచలోకి చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎండ బాగా ఉంది.

"రోంత నీళ్ళు పొయ్యి సామీ" అంది నాతో.

పంచలో ఆయన తల దగ్గర కూర్చున్న భార్య ఆ మాట విన్నది. తల ఎత్తకుండా చెప్పింది. "ఆ తాడు ఆమెకియ్యండి. ఆయప్ప దాన్ని పెట్టింది ఆమె కోసరమే."

పెరట్లో ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇప్పుడెందుకు పెద్దమ్మా ఇవన్నీ" అన్నారు ఎవరో నెమ్మదిగా.

"వద్దులేమ్మా" అంది ఊడ్చే ఆమె. "ఈ పొద్దు ఆయప్ప పేరు మీద రచ్చ ఎందుకు. పొయ్యండి, సాలు."

ఆమె అప్పటికే వంగింది. దోసిలి పట్టింది. తాడు నా చేతిలోనే ఉంది. రెండడుగులు వేసి దాన్ని గడప అవతలికి అందిస్తే అందేది. నేను బొక్కెన లాగి, ఆమె చేతులకు తగలనంత ఎత్తునుంచి పోశాను. ఎంత ఎత్తు పట్టాలో నాకు ఎవరూ నేర్పలేదు. చేతికి తెలుసు.

ఆమె తాగింది. మూతి తుడుచుకుంది. పంచ వైపు తిరిగి ఆయనకు దండం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ నీళ్ళు తోడింది నేను.